ఎవరి ఆర్డరండీ అని అడిగిన టీచరుగారు

మా సివిక్స్ టీచరుగారు పోయారు. మంగళవారం పొద్దున్న తాడేపల్లిగూడెం బస్టాండులో, పెంటపాడు బస్సు కోసం బెంచీ మీద కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదన్నారు. ముందురోజు సాయంత్రం నాతో ఫోనులో మాట్లాడారు. పెంటపాడులో పదో తరగతి పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్తున్నానని, గొంతు కాస్త బొంగురుపోయిందని, అంతకుమించి ఏమీ లేదని చెప్పారు. వార్త చెప్పిన స్నేహితురాలితో "నిన్ననే మాట్లాడానే" అని నాలుగుసార్లు అన్నానట. నాకు గుర్తులేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఫోను తీస్తే ఆవిడ నంబరు పైనే కనిపిస్తోంది.

మాది కొల్లేరులో ఒక లంక ఊరు. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. టీచరుగారు ఆరో తరగతి పిల్లల్ని కూడా "మీరు" అనే పిలిచేవారు. "రేపు ఓటు వేస్తారు కదండీ, ఆ మర్యాదేదో ఇవాళే మొదలుపెడితే పోయిందేముంది" అనేవారు. బోర్డు మీద రెండు గీతలు గీసి మూడు గళ్ళు చేసేవారు. కేంద్రం, రాష్ట్రం, ఉమ్మడి. రైలు ఎక్కడ రాయాలి, పోలీసుని ఎక్కడ రాయాలి అని మమ్మల్నే అడిగేవారు. ఒకరోజు నన్ను లేపి, "చేపలు రాష్ట్రం జాబితాలో ఉన్నాయి, పక్షులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. మరి మీ కొల్లేరులో గూడబాతు నోట్లో ఉన్న చేప ఎవరిదండీ?" అన్నారు. "గూడబాతుదేనండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడా చాలాసేపు నవ్వి, పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు.

నేను ఇంటర్ చదువుతుండగా మా నాన్న, మరో ముగ్గురు కలిసి చేసుకుంటున్న చేపల చెరువు గట్టు అధికారులు వచ్చి కొట్టేశారు. సరస్సు గర్భంలో ఉందని. కొన్నాళ్ళకి, గట్టు పక్కనున్న మా ఇళ్ళు కూడా తీసేస్తారని కబురొచ్చింది. నాకు దిక్కుతోచక టీచరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చెప్పులు వేసుకుని, ఇంటికి తాళం వేసి, నాతో ఏలూరు బస్సెక్కేశారు. అక్కణ్ణుంచి ఆటో.

మేం వెళ్ళేసరికి ఊళ్ళో జేసీబీ ఉంది. ఆడవాళ్ళు గిన్నెలు బయటికి చేరవేస్తున్నారు. టీచరుగారు అక్కడున్న ఆఫీసరు దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టారు.

"కాగితం ఒకసారి చూపిస్తారా బాబూ?"

"పైనుంచి ఆర్డరమ్మా."

"పైనంటే ఎవరండీ? రాష్ట్రమా, కేంద్రమా, కోర్టా? ముగ్గురూ ఒకటి కాదు కదండీ. ఎవరో తెలిస్తే వీళ్ళు వాళ్ళ దగ్గరికే వెళ్ళి చెప్పుకుంటారు."

ఆయన దగ్గర కాగితం లేదు. ఫోను పట్టుకుని దూరంగా వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, నోటీసు ఇచ్చాకే వస్తామని చెప్పి జేసీబీని తీసుకుపోయాడు. తర్వాత నోటీసులు వచ్చాయి, మావాళ్ళు జవాబులు ఇచ్చుకున్నారు, చివరికి ఇళ్ళు నిలబడ్డాయి.

ఆ సాయంత్రం మా నాన్న ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టి, "చెరువు కూడా మీరే ఇప్పించాలండీ" అన్నాడు.

"అది మీది కాదండీ, కొల్లేరుది" అన్నారు టీచరుగారు. "గట్టు కొట్టమన్నది చట్టమే. ఇళ్ళ సంగతి వేరు, అడక్కుండా తీయకూడదు. మీకు నచ్చిందొక్కటే చట్టమని చెబితే నేను పిల్లలకి ఏం పాఠం చెప్పినట్టండీ?"

నాన్న మొహం నల్లబడిపోయింది. ఆవిడకి ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. ఆటో వరకూ నేనొక్కదాన్నే వెళ్ళాను. "మీ నాన్నగారిని ఏమీ అనకండి. పోగొట్టుకున్నది ఆయన" అన్నారు. నేను లా చదివి ఏలూరు కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినా నాన్న ఆవిడ పేరెత్తలేదు. టీచరుగారు మాత్రం ఫోను చేసినప్పుడల్లా "నాన్నగారు కులాసాయేనా?" అని అడిగేవారు. సోమవారం కూడా అడిగారు. బాగున్నారండి అన్నాను. ఇంకో మాట కూడా చెప్పి ఉండాల్సింది.

బుధవారం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నాకు ఒక్క ముక్కా వినపడలేదు. పెట్టె మూసేశారు. అంతా ఇంకెవరికో జరుగుతున్నట్టుంది. వెనక్కి తిరిగితే నాన్న కనిపించాడు. నేను రమ్మనలేదు. చెరువులో వాటా ఉన్న ఆ ముగ్గురూ ఆయన వెనకే నిలబడ్డారు. తెల్లవారకముందే బయల్దేరామని ఒకాయన మెల్లిగా చెప్పాడు.

అందరూ గుప్పెడు మట్టి వేస్తున్నారు. నాన్న కూడా వంగి తీసుకున్నాడు. గొయ్యి అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. "వెయ్యి నాన్నా" అన్నాను. పిడికిలి బిగించాడు. వెనకవాళ్ళు ఆయన్ని తప్పుకుని ముందుకి వెళ్ళారు. తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చూశాను. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, పిడికిలి ఇంకా బిగించే ఉంది. వేళ్ళ సందుల్లోంచి పంచె మీదకి కొంచెం కొంచెంగా మట్టి రాలుతోంది.