డ్రమ్ముల కొయ్య కోసం ఆళ్లగడ్డకు

శనివారం ఉదయం ఏడూ ఇరవైకి నేనూ, నా భార్య సుగుణా నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాం. మా చర్చిలో పదహారేళ్లుగా నేను డ్రమ్స్ వాయిస్తున్నాను; పాటలు ఆమె నడిపిస్తుంది. పాత సెట్టు పాడైపోవడంతో సంఘంవాళ్లు కొత్తది చేయించమన్నారు. ఆళ్లగడ్డలో మృదంగాలు చేసే ఆచారి ఒకాయన, కొయ్య నేనే ఎంచుకుంటే పలకలు గుండ్రంగా అతికించి డ్రమ్ములు చేసిస్తానన్నాడు.

దారంతా నాకు ఒకటే గుబులు. నా రెండు చెవులకూ వినికిడి తగ్గిపోతోందని నెల కిందట డాక్టరు చెప్పాడు. ఆ సంగతి సుగుణకు తెలీదు.

“యాడికప్పా?” అన్నాడు పక్క సీటు పెద్దాయన.

“ఆళ్లగడ్డకు. డ్రమ్ములకు కొయ్య చూడనీకి.”

“నీళ్లకు ప్లాస్టిక్ డ్రమ్ములుండాయి గదప్పా! కొయ్యవెందుకు?”

సుగుణ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నర దాటాక దిగి ఉగ్గాని, బజ్జి తిన్నాం. నేను సగం వదిలేశాను. తొమ్మిదిన్నరకు ఆచారి మమ్మల్ని సామిల్లుకు తీసుకెళ్లాడు. టేకు బరువన్నాడు, వేప మెలి తిరుగుతుందన్నాడు. మిగిలినవి రెండు పనస దుంగలు. ఒకటి పసుపు రంగులో తిన్నగా ఉంది. రెండోది పొట్టిది, గరుకుది.

“ఒగటే తీసుకోండి. మిగిలింది దర్వాజాలకు అడిగినారు, ఆయప్ప పదకొండుకొస్తాడు. రంపం పెట్టినాక వద్దంటే కుదర్దు,” అన్నాడు మిల్లాయన.

ఆచారి చెక్కసుత్తితో రెండింటినీ కొట్టాడు. “ఏది పలుకుతాంది?”

నాకు రెండూ ఒకేలా వినిపించాయి. పసుపుదాన్ని చూపించాను.

“ఇంగోసారి ఇను నాయనా.”

“ఇన్యా. ఇదే.”

“అది గాదు,” అంది సుగుణ. “మూగగా పలుకుతాంది. రెండోదే బాగుండాది.”

“పదారేండ్లు వాయించింది నేనా, నువ్వా?” అందరిముందూ అరిచాను.

అంతలో దర్వాజాల మనిషి ముందే వచ్చి గేటు దగ్గర బండి ఆపాడు.

“బేగా తేల్చప్పా,” అంటూ మిల్లాయన పసుపు దుంగను బల్లమీదికి ఎత్తించాడు. రంపం తిరగడం మొదలైంది. దుంగ మూరెడు దూరంలో ఉంది.

“ఆపండి!” అన్నాను. “నాకు తేడా తెలీలేదు. నాకు చెవులు పోతాండాయి.”

రంపం ఆగింది. సుగుణ నావైపు చూడకుండా సుత్తి అందుకుని, రెండు దుంగల్నీ కొట్టి విన్నది. గరుకుదాని మీద చెయ్యి వేసి, “ఇది కొయ్యండి,” అంది.

కోశాక చూస్తే లోపల ఒక్క పగులు లేదు. దర్వాజాల ఆయన పసుపుదాని చివర కోయించి చూశాడు. నడిమధ్యన బొటనవేలు పట్టేంత పగులు. రంపం పెట్టాక కుదరదని మిల్లాయన అరుస్తున్నా వద్దని టేకు వైపు వెళ్లిపోయాడు.

పలకలు ఆచారికి అప్పగించి ఒంటిగంట బస్సెక్కాం. కొయ్య కోసం అటు వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, కళ్లకు నచ్చినదాన్ని తొందరపడి ఖాయం చేయకండి.

సిరివెళ్ల దాటాక సుగుణ నావైపు తిరిగింది.

“ఇనపడక ఎన్నాళ్లాయ?”

“ఏడాది.”

ఆమె కిటికీవైపు తిరిగి ఏదో అంది. బస్సు హోరులో నాకు అందలేదు. ఏడాదిగా అలాంటప్పుడు విన్నట్టు తలూపేవాణ్ణి.

“ఏమన్నావ్?” అని అడిగాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

“పాట ఎత్తుకునేటప్పుడు నా చెయ్యి చూడు. తాళం నేనేస్తా.”