అంగుళన్నర సందు

మా ఆయన బడిలో క్రాఫ్టు మాస్టరుగా రిటైరయ్యాక, కళ్యాణదుర్గంలో మా ఇంటి వెనకున్న రేకుల కొట్టాన్ని వడ్రంగి పనికి వాడుకునేవారు. 2003 జూన్ మొదటి వారంలో ఆయనకు నేనొక పని అప్పగించాను.

కంబదూరు దగ్గర మా పుట్టినూళ్లో మా తమ్ముడు ఆ ఏడే ఎద్దులను అమ్మేశాడు. విత్తనం ట్రాక్టరుతో వేయించడం మొదలుపెట్టి, గొర్రు విప్పి ఓ మూలన పడేశాడు. గొర్రు మీద బిగించే కొయ్య గిన్నె ఒకటుంటుంది. అందులో పోసిన విత్తనం బెజ్జాల గుండా గొట్టాల్లోకి, అక్కణ్నుంచి సాళ్లలోకి దిగుతుంది. దాన్ని మేము జడ్డిగం అంటాం. మా అమ్మ ఇరవై ఎనిమిది వానాకాలాలు గొర్రు వెనక నడుస్తూ గుప్పిట్లోంచి అందులోకి చెనక్కాయ, అదే వేరుశనగ, విత్తనం వదిలింది. అమ్మ ఫొటో ఒక్కటీ మాకు లేదు. ఆ జడ్డిగాన్ని లోతైన పెట్టెలాంటి ఫ్రేములో, ముందు అద్దం బిగించి, గోడకు పెట్టుకోవాలనుకున్నాను. తమ్ముణ్ని అడిగితే తెచ్చిస్తానన్నాడు.

వాడు తెచ్చేలోగా ఫ్రేము తయారుగా ఉండాలన్నాను. కొలతలు నా దగ్గర ఉండనే ఉన్నాయి. ఇంట్లో కనపడ్డ ప్రతి వస్తువునూ కొలిచి రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. పాత కాపీపుస్తకాలకు చెదలు పడితే, పెళ్లయిన ఏడాది అవన్నీ ఒక లాంగు నోటుబుక్కులోకి ఎక్కించాను. అందులో ఇలా ఉంది: జడ్డిగం, అడ్డం జానెన్నర, లోతు రెండు బెత్తెలు, బెజ్జాలు నాలుగు. నా చేతి జాన ఎనిమిది అంగుళాలు, నాలుగు వేళ్ల బెత్తె మూడు. లోపల అడ్డం పన్నెండు, లోతు ఆరు రావాలని చీటీ రాసిచ్చాను.

గిన్నె వచ్చాక కొలుచుకుందామని ఆయన అన్నారు. నా లెక్క మీద నమ్మకం లేదా అని అడిగాను. ఆయన రంపం అందుకున్నారు.

పాత టేకు మంచం పట్టెలు కోసి, చిత్రిక పట్టి, మూలలు అతికారు. ముందు పట్టీల మీద చెనక్కాయ తీగ చెక్కడం మొదలుపెట్టారు. ఆకులు, పూలు, మట్టిలోకి దిగే ఊడలు, వాటి కొనన కాయలు. రోజూ సాయంత్రం పోయి చూసేదాన్ని. చెనక్కాయకు ఒక్కో కాడకు నాలుగు ఆకులుంటాయి. కింది పట్టీలో ఒక కాడకు మూడే కనపడ్డాయి. ఉలి జారి నాలుగోది లేచిపోయిందని, నేను కనిపెడతానేమో చూద్దామని చెప్పలేదని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంకేం దాచారోనని మిగతా నలభై మూడు కాడలూ లెక్కపెట్టాను. అవి సరిగానే ఉన్నాయి.

పంతొమ్మిదో రోజుకు పని ముగిసింది. ఆ గురువారమే తమ్ముడు జడ్డిగాన్ని తువ్వాల్లో చుట్టుకొచ్చి నా చేతికిచ్చి, మజ్జిగ తాగి, బస్సుకు టైమైందని పోయాడు. కొట్టంలోకి తీసుకెళ్లి పెట్టెలో పెట్టి చూస్తే అది అటూ ఇటూ కొట్టుకుంటోంది. టేపు పెట్టాను. అడ్డం తొమ్మిది, లోతు నాలుగున్నర. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్తగా రాసిన ఆముదం వాసన.

అంతకు మూడు రోజుల ముందే, సోమవారం, తమ్ముడి భార్య, మా మరదలు, ఫోన్లో ఒక మాట అంది. బెంగళూరు నుంచి ఎవరో వ్యాన్లో వచ్చి పాత కొయ్య సామాన్లు కొంటున్నారట. సోమవారం వ్యాను, గురువారం గిన్నె. బస్సు టైము అంత తొందరగా ఎందుకు గుర్తొచ్చిందో నాకప్పుడు అర్థమైందనుకున్నాను. వెంటనే ఊరికి ఫోన్ చేశాను.

"అమ్మ జడ్డిగం యాడుందిరా?"

"నీ చేతికే ఇచ్చినా గదక్కా."

"ఇది అమ్మది కాదు. మూడంగుళాలు తక్కువుండాది."

"మూడంగుళాలు నేను తినింటా," అని పెట్టేశాడు.

వాడు పదిహేను రోజులకోసారి శనివారం పని మీద కళ్యాణదుర్గం వచ్చి, మా ఇంట్లో అన్నం తిని పోయేవాడు. వరసగా నాలుగుసార్లు రాలేదు. తప్పు చేసినవాడికి మొహం ఎలా చెల్లుతుందని మా ఆయనతో అన్నాను. ఆయన ఎప్పటిలాగే బావమరిది వైపే ఉన్నారని నా అనుమానం. ఫ్రేము బల్ల మీద ఖాళీగా పడి ఉంది.

అయిదోసారి రావాల్సిన శనివారం కూడా గడిచాక, ఆయన ఉలి నూరుకుంటూ, నీ బుక్కులో ఆ కొలత ఏ తేదీది అని అడిగారు. చూసి చెప్పడానికి బుక్కు తెరిచాను. ఆ పేజీ మొత్తంలో ఒక్క తేదీ లేదు. తేదీ లేకుండా నేను రాసిన పేజీ అదొక్కటే. కాపీపుస్తకంలో తేదీ వేసిన మూలను చెదలు తినేసి ఉంటాయి. నేను ఉన్నంతవరకు ఎక్కించాను.

అదే పేజీలో, జడ్డిగం కింద, రోలు ఉంది. ఎత్తు మూడు జానలు. ఆ రోలు అమ్మ పోయాక బండిలో మా ఇంటికొచ్చింది, పెరట్లోనే ఉంది. మూడు జానలంటే ఇరవై నాలుగు అంగుళాలు. పోయి కొలిచాను. పద్దెనిమిది. మళ్లీ కొలిచాను. పద్దెనిమిదే. రోలును ఏ వ్యానువాడూ మార్చలేదు. రాయి అరగనూ లేదు. పన్నెండుకు తొమ్మిది, ఆరుకు నాలుగున్నర, ఇరవై నాలుగుకు పద్దెనిమిది. మూడింట్లోనూ పోయింది సరిగ్గా నాలుగో వంతు. అంటే జాన ఆరంగుళాలున్న చేత్తో కొలిచిన కొలతలవి. ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి.

మర్నాడు ఫ్రేమునూ జడ్డిగాన్నీ దుప్పట్లో కట్టుకుని ఇద్దరం బస్సెక్కాం. తమ్ముడు అరుగు మీద ఉన్నాడు. బావను పలకరించాడు, నన్ను కాదు. నేను బుక్కు తెరిచి మూడు లెక్కలూ వాడికి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. వాడు బుక్కు వైపు చూడలేదు.

"ఆ వ్యానోడు దీన్నీ అడిగినాడు. గింజలు కొలిచే సోలా మానికా ఇచ్చేసినా. ఇది మా అక్కకిస్తానని చెప్పినా, నీకు ఇయ్యనంటి. చీలతాదని ఆముదం పూసి తెస్తి. నువ్వేమో దొంగను చేస్తివి."

నేను దుప్పటి ముడి విప్పాను. మా ఆయన మధ్యలో జడ్డిగం బిగించి అద్దం పెట్టారు. చుట్టూ అంగుళన్నర సందు మిగిలింది. పట్టీలు కోసి చిన్నది చేస్తానంటే నేనే వద్దన్నాను. తమ్ముడు లేచొచ్చి, చెక్కిన తీగ మీద వేలు పెట్టి, మూడాకుల కాడ దగ్గర ఆగాడు.

"ఇది ఈడ్నే ఉండనీక్కా. నీ గోడకుంటే దినామూ టేపు పట్టుకోని కొలుస్తాంటావు."

నాకు ఇవ్వాలని లేదు. మా గోడకు పెట్టుకోవాలనే నేను దాదాపు మూడు నెలలు చూశాను. వాడి మొహం చూసి సరే అన్నాను. మేకు మా ఆయన కొట్టారు. వచ్చే శనివారం అన్నానికి వస్తానని వాడు బావతో చెప్పాడు, నాకు వినపడేలా.

ఇంటికొచ్చి ఆ పేజీ మీద "అప్పుడు నాకు ఎనిమిదేళ్లు" అని రాసి, రాసిన తేదీ కూడా వేశాను. ఆ తర్వాత ఆ ఊరు ఎప్పుడు పోయినా ముందు ఫ్రేము దగ్గరికి పోయి అద్దంలోంచి బెజ్జాలు లెక్కపెడతాను. నాలుగే ఉంటాయి. మా మరదలు వంటింట్లోంచి చూస్తూనే ఉంటుంది.