మునెమ్మక్క కత్తులు

ఈ ఉదయం మాగాయకు కాయ తరుగుతుంటే కత్తి నుంచి ఆ వాసన వచ్చింది. పచ్చిమామిడి పులుపు ఇనుముకు తగిలితే లేచే వాసన అది. కాస్త తుప్పు, కాస్త సొన. స్టెయిన్‌లెస్ కత్తికి అది రాదు. ఆ వాసన తగిలిందంటే చిత్తూరులో మునెమ్మక్క పచ్చళ్ల కొట్టం, దాని వెనక కత్తులు కడిగే రాతిబండ, బండ ముందు పీట వేసుకుని కూర్చున్న ఆమె వెడల్పాటి వీపు కళ్లముందుకొస్తాయి. పచ్చళ్లకు ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు కట్టే పనిలో నేను ఆమె దగ్గర చాలా ఏళ్లున్నాను. లెక్కలు నాకు బడిలో అబ్బలేదు, ఆ కొట్టంలో తక్కెడ పక్కన కూర్చుని నేర్చుకున్నవే. పనిలో కుదురు మాత్రం ఆ రాతిబండ దగ్గర నేర్చుకున్నాను.

ఆమెకు ఆరు కత్తులుండేవి. లారీ స్ప్రింగు పట్టీ ముక్కలతో కొలిమిలో కొట్టించి, చింతచేవ పిడులు వేయించినవి. కాయను తాకితే చాలు, దిగిపోయేవి. అంత మంచి ఇనుము తడికి మాత్రం ఓర్చుకోదు. సగం ముక్కలు తరిగేసరికే నల్లబడేది. పులుపు మీద అలాగే వదిలేస్తే మర్నాటికి అంచు గుంటలు పడేది. చేరిన కొత్తలో ఆ నలుపు చూసి, ఇంట్లో ఇత్తడి తోమినట్టు తోముదామని చింతపండు నానేశాను. మునెమ్మక్క నా చేతిలో గిన్నె చూసి నవ్వింది.

“ఏమ్మే, కత్తేమన్నా బిందె అనుకున్నావా? పులుపు తిని నల్లబడిందానికి మళ్లా పులుపే పెడతావా?”

“మరి ఆ నలుపు ఎట్లా పోతాది అక్కా?”

“పోనక్కర్లా. ఉండనీ. తడి పోతే సాలు.”

ఆ రోజే పద్ధతంతా చూపించింది. కత్తిని నీళ్లలో వేయకూడదు, పిడి నాని వదులవుతుంది. కొబ్బరిపీచుతో వెన్ను నుంచి అంచు వైపుకే తోమాలి, పీచును వెనక్కి లాగకూడదు. వెంటనే గుడ్డతో తుడిచి, వేరుశెనగ నూనె ఒక చుక్క రాయాలి. ఒక కత్తి గూట్లో పెట్టాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. అన్నీ కలిపి ఒకేసారి కడిగితే త్వరగా అవుతుంది కదా అని నేను మనసులో లెక్క వేశాను. ఆ లెక్క ఆమెకు ఎలా తెలిసిందో, “తొందరగా అయ్యే పనికి నువ్వెందుకు, నేనెందుకు?” అంది.

కొన్నేళ్లకు షుగరు ఆమె వేళ్లలో స్పర్శ తీసేసింది. ఆ సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది. మామిడి కాయలు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, తరుగుతూ ఏదో కబురు చెబుతుంటే, ముక్కల మీద ఎర్రటి చారలు నాకు కనిపించాయి. బొటనవేలు తెగింది. ఆమె ఇంకా కబురు చెబుతూనే ఉంది. ఆ కుప్పంతా గోతిలో పోయించి, తరగడం ఆ రోజుతో తనంతట తనే మానేసింది. పుండు మానడానికి నెలలు పట్టింది. ఆమె కొడుకు మణి భయపడ్డాడంటే అందులో తప్పు లేదు.

“మా, కడిగేది కూడా వద్దు. తరిగే మిషను తెస్తా, ఆ ఇనుము అమ్మేస్తా. నువ్వు కుర్చీ ఏసుకుని కూర్చో.”

“కుర్చీలో కూర్చునేదానికి నేనేమన్నా పెండ్లికొచ్చినానా?”

మణి నవ్వలేదు. ఇంకోసారి వేలు తెగిందంటే కత్తులు కొట్టంలో ఉండవని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె నన్ను బండ దగ్గరికి పిలిచింది.

“పాళ్లు కట్టేదానివి గదా. తెగకుండా కడిగే దారేదో లెక్క కట్టు.”

“చేతికి తొడుగులు ఏసుకో అక్కా.”

“ఏసి సూసినా. జారతాది. ఇంకోటి సెప్పు.”

వేలికి తెలియనిది కంటికి తెలియాలి, అక్కడి నుంచి మొదలుపెట్టాను. కత్తిని పైకెత్తకుండా చెక్క మీద పడుకోబెట్టి, పిడిని ఎడమచేత్తో అదమాలి. పీచును పొడుగు కర్రకు కట్టాలి. అప్పుడు వేళ్లకు అంచు దాకా వెళ్లే పనుండదు. నీళ్లు చెంబుతో పైనుంచి పోయాలి. తుడిచే గుడ్డను మందంగా మడిచి వాడాలి. ఆ గుడ్డ తెల్లగా ఉండాలన్నది మాత్రం ఆమె మాటే. “వేలు సెప్పకపోతే గుడ్డ సెప్తాది.”

ముందు ఒక కత్తిని రాతి మీద మొద్దుచేసి, దాంతో రోజూ సాధన చేసింది. చెయ్యి పాత అలవాటుకు అంచు వైపు పోయేది. పోయినప్పుడల్లా ఆపి, కత్తి కింద పెట్టి, మళ్లీ మొదటి నుంచి తోమేది. “ఈ లెక్కన ఆరూ కడిగేసరికి ఉగాదొస్తాది” అని విసుక్కుంది ఒకసారి. “రానీ అక్కా” అన్నాను. మూతి ముడిచి మళ్లీ చెంబు అందుకుంది.

ఒక సాయంత్రం మణిని పిలిచి ఎదురుగా నిలబెట్టింది. పదునున్న కత్తులే, ఒకదాని తర్వాత ఒకటి కడిగింది. చివరికి గుడ్డ విప్పి అతని ముందు పట్టింది. నల్ల మరకలున్నాయి, నూనె ఉంది, ఎరుపు లేదు. మణి గుడ్డను నమ్మక, తల్లి వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

“కత్తులు అమ్మన్లే మా” అన్నాడు.

“మిషను తెచ్చుకో నాయనా, తరిగేదానికి. ఇవి మాత్రం ఈడనే ఉంటాయి.”

నేను కొట్టం వదిలి తిరుపతికి వచ్చేసే రోజున ఆమె ఒక కత్తిని నేల మీద పెట్టింది. మా వైపు కత్తిని చేతికివ్వరు, పెట్టినదాన్ని తీసుకోవాలి. తీసుకున్నాను. ఆమె పోయి కొంతకాలమైంది.

నాకూ షుగరుంది. ఈ మధ్య వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలైంది. తరగడం ఎప్పుడు ఆపాలో నాకు తెలుసు. కడగడం ఆపను. ఈ ఉదయం పని అయ్యాక ఆమె ఇచ్చిన ఆ కత్తిని చెక్క మీద పడుకోబెట్టి, పీచుకర్రతో తోమి, తుడిచి, గుడ్డను కిటికీ వెలుగులో విప్పి చూశాను. నల్లటి మరక తప్ప ఏమీ లేదు. నూనె చుక్క రాసి కత్తిని గూట్లో పెట్టి, గుడ్డ ఉతకడానికి లేచాను.