ఆపి ఉంచిన ఫోను

ఈ పొద్దున మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. పని లేనివాళ్ళకు గూడూరులో ఉచిత శిక్షణ, భోజనం, బస అన్నీ వాళ్ళవే, చేరదలచినవారు గ్రామ సచివాలయంలో పేరు ఇవ్వాలి అని ఒకటే మోత. రాకెట్టు పోయేటప్పుడు అదిరినట్టు గూట్లో గిన్నెలు అదిరాయి. అరుగు మీద వల బాగుచేస్తున్న మా మరిది మాత్రం తల ఎత్తలేదు. నేను చేటలో బియ్యం అలాగే వదిలేసి లోపలికి పోయి, నా ఫోను వెలుగుతోందా లేదా అని చూసుకున్నాను. వెలుగుతూనే ఉంది. మూడేళ్ళుగా దాన్ని నేను ఆపలేదు.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు వస్తుంది. మరిది నా భర్తకు కడగొట్టు తమ్ముడు. నేను కాపురానికి వచ్చేనాటికి చంకనెక్కే పసివాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక కూడా నా దగ్గరే ఉండిపోయాడు. రొయ్యపిల్లల హేచరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. తొట్లలోకి గాలి ఊదే మోటార్లన్నీ అతని చేతిలోనే ఉండేవి. గోడ బయట నిలబడి చెవి పెడితే చాలు, ఎన్నో మోటారు దగ్గుతోందో చెప్పేవాడు. రొయ్యకు తెగులు తగిలి ఆ హేచరీ మూతపడ్డాక నాలుగేళ్ళు ఈ అరుగు మీదే గడిపాడు. మిగిలిన హేచరీల వాళ్ళు వయసులో ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. నా నోరు మంచిది కాదు. కంచం ముందు కూర్చోగానే, "కూర్చుని కూర్చుని అలిసిపోయుంటావు, ఇంకో ముద్ద తిను" అనేదాన్ని. అతను నవ్వి, ఆ ముద్ద కూడా తినేవాడు.

అలాంటి రోజుల్లో గవర్నమెంటు వాళ్ళ పథకం ఒకటి వచ్చింది. ఏళ్ళ తరబడి పని లేనివాళ్ళకు ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేయడం మూడు నెలలు నేర్పి, ఆ పైన పనిలో పెట్టిస్తారు. నలభై అయిదు నిండితే తీసుకోరు. మా మరిదికి అవి నిండడానికి ఇంకా రెండు నెలలే ఉంది. గడ్డం గీయించుకుని, మా ఆయన చొక్కా వేసుకుని గూడూరు పోయివచ్చాడు. అక్కడ ఆడుతున్న ఫ్రిజ్జుకు చెవి ఆనించి దాని జబ్బేమిటో చెప్పేశాడట. అక్కడి సారు మెచ్చుకుని, ఫోను చేసి పిలుస్తామన్నాడట. అతనికి ఫోను లేదు కనుక నా నంబరే ఇచ్చి వచ్చాడు. నన్ను అడిగింది ఒక్కటే. "ఈ వారం మటుకు ఫోను ఆపొద్దు వదినా."

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రెండు గదుల మధ్య గోడకు కంత పెట్టించి, ఒకే బల్బుతో రెంటికీ వెలుతురు పారించిన మనిషిని. ఫోను కూడా దీపం వత్తిలాంటిదేనని, వెలిగినంతసేపూ అరుగుతుందని నా నమ్మకం. కూతురు కొనిచ్చిన దాన్ని చేతిరుమాల్లో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆదివారం చర్చి అయ్యాక కూతురు మాట్లాడే వేళకే తీసేదాన్ని. మరిది మాట మీద రెండు రోజులు వెలిగించే ఉంచాను. మూడోనాడు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. అరిగిపోతోందని గుండె పీకింది. అవసరమున్నవాళ్ళు మళ్ళీ పిలవరా అనుకుని ఆపేసి డబ్బాలో పెట్టాను. అతనికి చెప్పలేదు.

ఆదివారం ఫోను వెలిగించేసరికి మెసేజీలు టపటపా పడ్డాయి. కూడబలుక్కుని చదివాను. గూడూరు నుంచి మూడుసార్లు చేశారు. ఆ నంబరుకు నేనే చేశాను. ఎవరో అమ్మాయి, సెలవు రోజైనా విసుక్కోకుండా మాట్లాడింది. "మూడు రోజులూ చేశామండీ, స్విచ్చాఫ్ అని వచ్చింది. నిన్నటితో లిస్టు అయిపోయింది, ఆ సీటు తర్వాతి వాళ్ళకి ఇచ్చేశాం" అంది. మళ్ళీ ఎప్పుడంటే ఆరు నెలలు పడుతుందంది.

సాయంత్రం మరిది గుమ్మం పట్టుకుని నిలబడి, ఫోను ఏమన్నా వచ్చిందా అని అడిగాడు. పొద్దున ప్రార్థనలో వంచిన మోకాళ్ళు ఇంకా నొప్పి పుడుతూనే ఉన్నాయి. రాలేదని చెప్పాను.

"నాకు తెలుసులే వదినా. ఈ వయసులో నన్నెవురు పిలస్తారు" అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి నాకు తిట్టే నోరు పడిపోయింది. పులుసులో నాకిష్టమైన చేప తలకాయ అతని కంచంలో వేయసాగాను. నెల తిరక్కుండానే, "ఏంది వదినా, ఈ మధ్య తిట్టడంలా. డాక్టరు నా గురించి నీకేమన్నా చెప్పినాడా" అని అడిగాడు. నవ్వేశాను. చెప్పాల్సింది అప్పుడే. ఆ తర్వాత అతను ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. పక్కింటి వాళ్ళు ఫ్రిజ్జు చూడమని పిలిచినా, నాకేం తెలుసు అని తప్పుకునేవాడు. చెవి పెట్టి వినడమే మానేశాడు.

ఈ పొద్దున ఆటో వీధి మలుపు తిరిగి మోత సన్నగిల్లాక, పోయి అతని ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళు పిలిచారని, ఫోను ఆపింది నేనేనని, రాలేదన్నది అబద్ధమని, ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను వల పక్కకు పెట్టాడు.

"ఎన్నిసార్లు చేసినారు?"

"మూడు."

"మూడుసార్లు చేసినారా వదినా" అన్నాడు మెల్లగా, నన్ను కాదు, తనలో తనే అడుగుతున్నట్టు. హేచరీ మూతపడ్డాక ఆ మొహంలో అంత కళ నేను చూడలేదు. చూస్తూ కూర్చోలేక తల దించుకున్నాను. కాసేపటికి లేచాడు. చెప్పులు వేసుకుని పక్కింటి వైపు నడిచాడు. వాళ్ళ ఫ్రిజ్జు పది రోజులుగా గొణుగుతోంది.

నా ఫోను ఈ మూడేళ్ళూ వెలుగుతూనే ఉంది, రవ్వంత కూడా అరగలేదు. జీవితంలో దేన్నీ వృథా పోనివ్వలేదనుకునేదాన్ని. అతని నలభై అయిదో ఏడు ఒక్కటి నా చేతిలోనే ఖర్చయిపోయింది.