ఇంటి మీదుగా విమానం

మహారాష్ట్ర అంచున, దెగ్లూర్ దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్‌కు బస్సులో ఐదు గంటలు. ఇంటర్వ్యూకు పిలిచిన కంపెనీవాళ్ళు నా అడ్రస్‌లో నాందేడ్ జిల్లా అని చూసి, పాపం, నాందేడ్ నుంచి విమానం టికెట్ పంపారు. గంట ప్రయాణం! కాకపోతే ఆ గంట కోసం ముందు ఎదురు దిక్కున రెండు గంటలు నాందేడ్‌కు పోవాలి, అక్కడ రెండు గంటలు కూర్చోవాలి, దిగాక ఊళ్ళోకి మరో గంటన్నర. "ముక్కేదంటే చెవుల ఎన్కకెల్లి తిప్పి చూపిచ్చినట్టుంది" అన్నాడు నాన్న. అయినా ఊరికే వచ్చిన విమానాన్ని వదులుకునేంత తెలివి నాకెక్కడిది!

అసలు చిక్కు అమ్మతో వచ్చింది. ఆ విమానం మా ఊరి మీదుగానే పోతుంది, చప్పుడు వింటూనే ఉంటాం. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ప్రయాణమై గడప దాటినవాళ్ళు మళ్ళీ ఇంటికొస్తే, కాసేపు కూర్చుని నీళ్ళు తాగి గాని కదలకూడదు.

"పొద్దుగాల ఇంట్లకెల్లి ఎల్లి, మల్ల ఇంటి మీదికే అస్తవ్. నీళ్ళు తాగకుంట ఎట్ల పోతవ్?"

"మీదికెల్లి పోవుడు గూడ ఇంటికచ్చినట్టేనా, అమ్మా?"

"మరి కింద ఇల్లు లేదా? కూసునుడు ఎట్లనో అయితది, కుర్సీల కట్టేస్తరట. నీళ్ళు మాత్రం తాగు."

నవ్వేసేదాన్నే. కానీ అంతకుముందు రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండుసార్లూ సర్టిఫికెట్లు మరిచిపోయి వెనక్కొచ్చి, నీళ్ళు తాగకుండానే బస్సుకు ఉరికాను. ఇదీ పోతే ఇక ఊళ్ళో పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవడమే. లోపల భయంగానే ఉంది.

విమానం ఎక్కాక, నాందేడ్ నుంచి మా ఊరు బస్సుకు రెండు గంటలంటే విమానానికి పావుగంట అని లెక్కేసుకుని, నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని కిటికీకి అతుక్కుపోయాను, మా ఇల్లు కనిపిస్తుందేమోనని. కింద అన్నీ రేకుల ఇళ్ళే, అన్నీ సోయా చేన్లే! ఇది మాదా, అది మాదా అని వెతుకుతుంటే మంజీర కనిపించింది. ఓరి దేవుడా, మంజీర అవతల తెలంగాణ! ఇల్లు ఎప్పుడో వెనకబడింది. నేను సీసా మూత కూడా తీయలేదు. గబగబా మొత్తం తాగబోయి పొలమారి, పక్కాయన చొక్కా తడిపాను.

దిగగానే అమ్మ ఫోన్.

"తాగినవా?"

"తాగిన."

"యాడ?"

"మంజీర కాడ."

"నాకెర్కే, నువ్వు మరుస్తవని. అందుకే చెంబు పట్టుకోని వాకిట్ల కూసున్న. నెత్తి మీదికి రాంగనే నీ మారు తాగిన. ఇగ బేఫికర్ పో."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత ఎందుకో భయం వేయలేదు. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఊరికి బస్సులోనే వస్తాను. మొన్న వచ్చినప్పుడు అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే పైన విమానం చప్పుడైంది. పెనం దించేసి, చెంబు అందుకుని వాకిట్లోకి ఉరికింది. కూర్చుని రెండు గుక్కలు తాగింది.

"నేనీడనే ఉన్న గద, అమ్మా!"

"నువ్వున్నవ్. అండ్ల ఎవల పిల్లలున్నరో. కిటికీలకెల్లి సూసుకుంట మరిచిపోతరు."