పాత స్ప్రింగులు

"నేను ముందే చెప్పాను" అని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఆయనే గుర్తొస్తాడు.

సూర్యాపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో మిర్యాలగూడ మిల్లు బియ్యం సంచి. బరువుగా ఉంది, కింద పెట్టుకోమన్నా వినలేదు. సంచిలో ఒక స్పోర్ట్స్ కారు వెనక స్ప్రింగులున్నాయట. ఆయన మెకానిక్.

"కోదాడ పిలగాడు సార్. మలుపుల కారు గట్టిగ నిలవాలె అన్నడు. ఇవి తీసి, ఎనక గట్టి స్ప్రింగులేసిన. ముందటియి గూడ మార్సాలె, లేకుంటె వానల ఎనక జారుతది అని చెప్పిన. తర్వాత సూద్దాం లే అంకుల్ అన్నడు."

మునగాల దగ్గర రోడ్డు వంపు తిరగగానే ఆయన కిటికీ నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"గీడనే పోయిండు. చెప్పిన గని సార్, కారు తాళం అయితే చేతుల పెట్టిన."

సంచి ఎక్కడికని అడిగాను.

"తీసిన పాత సామాను ఓనర్ ఇంటికే ఇయ్యాలె. మా పనిల గదే రివాజు. ఇంట్ల వాళ్ల నాయిన ఉంటడు."

కోదాడలో అందరం లేచాం. ఆయన మాత్రం సంచి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కండక్టర్ దగ్గరికొచ్చి, వంగి, మెల్లగా అడిగాడు.

"ఇయ్యాల గూడ దిగవా, అన్నా?"