చాచా పాట మీద నేను ఎక్కించిన సినిమా పాటలు

మా చిన్నప్పుడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి చెరుకు బండ్ల లైను ఎంత దూరం ఉండేదో... తూకానికి మా వంతు ఎప్పుడొస్తుందో తెలియక, బండి తోలే మా బాపు పక్కన కూర్చుని చెరుకు నములుతుండేదాన్ని.

ఆ లైను పక్కనే స్టవ్‌లు బాగుచేసే యూసుఫ్ చాచా ఉండేవాడు. రేకు డబ్బా మీద వేళ్లతో కొడుతూ తను కట్టిన పాటలు పాడేవాడు. ఎడ్ల మీద, ఎండ మీద, బండి తోలేవాళ్ల మీద... సగం తెలుగు, సగం ఉర్దూ. ఈయనకు ఒక్క సినిమా పాటా రాదా అని నాకు విసుగు.

ఒకరోజు మా ఇంటికొచ్చి మా టేప్ రికార్డర్‌లో ఒక పాట పాడి రికార్డు చేయించాడు.

"నీ బండి మీదనే కట్టిన అన్నా... జర పైలంగ పెట్టు" అన్నాడు.

దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా బాపు క్యాసెట్ అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాడు. కానీ ఆ కన్నాల్లో కాగితం కుక్కితే మళ్లీ రికార్డవుతుందని తెలియని పిల్లలు ఆ రోజుల్లో ఎవరు... ఒక ఆదివారం రేడియోలో సినిమా పాటలు వస్తుంటే నేనూ కుక్కాను.

చాచా పాట చెరిగిపోయిందని తెలిశాక బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ పాడమని చాచాను అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

పోయిన నెల, నిజామాబాద్‌లో మా ఇంట్లో వంట చేస్తుంటే ఫోన్‌కు ఒక పాటల ఆల్బమ్ వచ్చింది. చాచా పోయాక ఆయన బిడ్డ షబానా ఇల్లిల్లూ తిరిగి పాత క్యాసెట్లు ఏరి, ఆయన జీవితమంతా కట్టిన పాటల్లో దొరికినవన్నీ ఒకచోట చేర్చిందట. మూడో పాటకు పొయ్యి ఆపేసి కూర్చున్నాను. మా బండి పక్కన కూర్చున్నది ఎంత పెద్ద కవో ఇన్నేళ్లకు తెలిసింది... సిగ్గేసింది.

మా పాట కోసం వెతికాను. లేదు. షబానాకు ఫోన్ చేశాను.

"మీ ఇంట్ల ఒకటుందని అబ్బాజాన్ ఆఖరుదాక చెప్పిండక్కా. గా పాట ఇంకేడ లేదు. దొరికిందా?"

నేనే చెరిపేశానని చెప్పాను. షబానా మెల్లగా, "యాదికున్నంత పాడక్కా, రికార్డు చేసుకుంట" అంది.

"ఎడ్లు నెమరేసినయి గాని... ముందు బండి కదలలే..."

అంతే. ఆ ఒక్క చరణం దగ్గరే ఆగిపోయాను.

ఇప్పుడు ఆ బండ్లూ లేవు, ఆ లైనూ లేదు. మీ అటక మీద పాత క్యాసెట్లుంటే పారేసే ముందు ఒకసారి వినండి. డబ్బా చప్పుడు వినిపిస్తే నాకు చెప్పండి... కన్నాల్లో కాగితం కుక్కి ఉంటే, దాని కింద ఎవరి గొంతు ఉండేదో అదైనా చెప్పండి.